వారసులా, నివాసులా? : జనరంజక హిందీ చిత్రాల్లో ప్రవాస భారతీయ యువత

వ్యాససంగ్రహం

విదేశాల్లో పుట్టి పెరిగిన భారతీయ సంతతి యువతీయువకులు 1970 నుంచి జనరంజక హిందీ చిత్రాల్లో తరచుగా కనిపిస్తున్నారు. ఈ చిత్రణపై వచ్చిన విమర్శ ఎక్కువగా తూర్పు పడమరల సాంస్కృతిక ఘర్షణ చుట్టూ తిరిగింది. ఆ యువత తాము బతుకుతున్న దేశంతో పెట్టుకున్న సంబంధం ఈ చిత్రాల్లో ఎంతవరకు కనిపిస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. హిందీ చిత్రాలు వారిని భారతదేశానికి వారసులుగా గుర్తించినంతగా తమ ఊళ్ళలో నివాసులుగా గుర్తించలేదని, ఈ లోటు భాష విషయంలోనూ వీధి చరిత్ర విషయంలోనూ బాగా బయటపడుతుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డయాస్పోరా, ప్రవాస యువత, హిందీ సినిమా, రెండవ తరం, మాతృభాష, లండన్, సౌత్‌హాల్.

1. ఉపోద్ఘాతం

ఆదిత్య చోప్రా దర్శకత్వం వహించిన 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' (1995)లో ఒక రాత్రి లండన్‌లోని దుకాణం మూసే వేళకు రాజ్ అనే యువకుడు వస్తాడు. తలనొప్పి మాత్ర కావాలని నమ్మించి లోపలికి వచ్చి, బీరు తీసుకుని, డబ్బు పడేసి పారిపోతాడు. దుకాణం యజమాని చౌధరీ బల్‌దేవ్ సింగ్ పోలీసులను పిలవడు. అతని కోపం దొంగతనం లాంటి ఆ పని మీద కన్నా ఆ కుర్రవాడు తనను తాను హిందుస్తానీ అని చెప్పుకోవడం మీదనే ఎక్కువ. లండన్‌లో ఒక చిన్న వ్యాపారికీ, తాగి అల్లరి చేసే కుర్రకారుకీ మధ్య జరిగిన గొడవ క్షణంలో భారతదేశపు పరువు సమస్యగా మారిపోతుంది. కథ జరిగే నగరం అక్కడే ఉన్నా, దానికి ఈ తగవులో మాట లేదు.

ప్రవాస యువతను హిందీ సినిమా చూసిన తీరుకు ఈ ఘట్టం మంచి నమూనా. ఇందులో రాజ్ ఒక వారసుడు. తన వారసత్వానికి తగినవాడా కాదా అన్నదే అతని మీద నడిచే విచారణ. వారసుడి అర్హత పుట్టుక మీద, పెద్దల అంగీకారం మీద ఆధారపడుతుంది. నివాసి సంగతి వేరు. ఎక్కడ చదువుకున్నాడు, ఎవరి దగ్గర పనిచేశాడు, ఎవరితో స్నేహం చేశాడు, ఎవరి చేత మాటపడ్డాడు అన్నవాటి మీద నివాసి జీవితం నిలుస్తుంది. సాంస్కృతిక అస్తిత్వం ముందే తయారై ఉన్న వస్తువు కాదని, నిత్యం రూపొందుతూ ఉండే ప్రక్రియ అని స్టూవర్ట్ హాల్ వివరించాడు. డయాస్పోరా స్థలంలో వలస వచ్చినవారితో పాటు అక్కడివారుగా పరిగణన పొందేవారు కూడా భాగమేనని అవతార్ బ్రా ప్రతిపాదించింది. ఈ రెండు భావనలను పక్కన పెట్టుకుని చూస్తే, హిందీ చిత్రాల్లో ఏమి కనిపిస్తున్నదన్న ప్రశ్న కన్నా ఏమి కనిపించడం లేదన్న ప్రశ్న ముఖ్యమవుతుంది.

2. తొలి నమూనాలు

మనోజ్ కుమార్ 'పూరబ్ ఔర్ పశ్చిమ్' (1970)లో ప్రీతి లండన్‌లో పెరిగిన యువతి. బంగారు రంగు జుట్టు, పొట్టి దుస్తులు, చేతిలో సిగరెట్. చదువు కోసం వచ్చిన కథానాయకుడి పేరే భారత్. పేరుతోనే కథ ముగింపు తెలిసిపోతుంది. ప్రీతిని భారతదేశానికి తీసుకువచ్చి మార్చడమే మిగిలిన పని. ఈ చిత్రం మీద ఇంతకంటే ఎక్కువ చెప్పవలసినది లేదు.

మరుసటి ఏడాది వచ్చిన దేవ్ ఆనంద్ 'హరే రామ హరే కృష్ణ' (1971) దీనికంటే సంక్లిష్టమైనది. మాంట్రియల్‌లో స్థిరపడిన కుటుంబంలో తల్లిదండ్రులు విడిపోతారు. అన్నాచెల్లెళ్ళు వేరవుతారు. జస్బీర్ అనే ఆ పాప జానిస్‌గా మారి కాఠ్‌మాండూలో హిప్పీల గుంపులో తేలుతుంది. ఆమె పతనానికి కారణం పడమటి గాలి అని తేల్చడానికి చిత్రం వెనుకాడుతుంది. విరిగిపోయిన ఇల్లే అసలు కారణమన్న సూచన కథలో బలంగా ఉంది. ప్రవాస కుటుంబంలోని ఒంటరితనాన్ని సంస్కృతి పేరుతో కప్పిపుచ్చకుండా చూపిన ఈ దారిలో ఆ తరువాత హిందీ సినిమా ఎక్కువ దూరం నడవలేదు. జానిస్ మరణంతో ఆ ప్రశ్న కూడా ముగిసిపోయింది.

3. 1995 తరువాత: తండ్రి చేతిలో తీర్పు

'దిల్‌వాలే...' తెచ్చిన మార్పు అందరికీ తెలిసినదే. విదేశంలో పెరిగినవాడు చెడిపోయినవాడన్న సూత్రాన్ని అది తలకిందులు చేసింది. పంజాబ్‌లో పుట్టి పెరిగిన కుల్జీత్ అహంకారి, లండన్‌లో పెరిగిన రాజ్ మర్యాదస్థుడు. ఈ చిత్రం ప్రవాస కథానాయకుడిని ఇంటికి తీసుకువచ్చి కోరికకు క్రమశిక్షణ నేర్పిన తీరును పెట్రీషియా ఉబెరాయ్ 1998లోనే విశ్లేషించింది. ఆ విశ్లేషణకు ఇక్కడ చేర్చదగినవి రెండు.

మొదటిది బీరు సంగతి. లండన్‌లో బీరు కోసం మాటపడిన రాజ్, పంజాబ్‌లో పెళ్ళివారింట అడుగుపెట్టడానికి చెప్పుకునే కారణం బీరు ఫ్యాక్టరీ. లండన్‌లో అల్లరిగా కనిపించిన వస్తువే ఇక్కడికి వచ్చేసరికి పెట్టుబడి అయి కూర్చుంది. దర్శకుడు దీన్ని హాస్యంగానే వాడుకున్నాడు. కానీ 1991 ఆర్థిక సంస్కరణల తరువాత నాలుగేళ్ళకు, ప్రవాస భారతీయుల డబ్బు కోసం దేశం ఎదురుచూస్తున్న కాలంలో, ఈ హాస్యం యాదృచ్ఛికం అనిపించదు. విదేశంలో పెరిగినవాడు పెట్టుబడితో వచ్చినప్పుడు అతని హిందుస్తానీతనంపై అనుమానం ఎంత తేలికగా సడలుతుందో ఇందులో ఉంది.

రెండవది సిమ్రన్ తల్లి లజ్జో. ఆడపిల్లగా తాను వదులుకున్నవి తన కూతురు వదులుకోకూడదని అనుకున్నానని, అయినా ఇప్పుడు ఆ త్యాగమే కోరవలసి వస్తోందని ఆమె కూతురితో చెబుతుంది. మొత్తం చిత్రంలో సంస్కృతికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో తెలిసి మాట్లాడిన పాత్ర ఆమె ఒక్కతే. ఆమె నగలిచ్చి పారిపొమ్మన్నప్పుడు రాజ్ ఒప్పుకోడు. ఆమె చూపిన దారిని కాదని, తండ్రి మనసు గెలిచే దారిని ఎంచుకుంటాడు. ఇది అతని సంస్కారానికి గుర్తుగా ప్రేక్షకులు చప్పట్లు కొట్టిన ఘట్టం. చప్పట్ల మధ్య లజ్జో సలహాకు విలువ లేకుండాపోయిన సంగతి మరుగున పడింది. సిమ్రన్ జీవితం ఒక పురుషుడి చేతి నుంచి మరొక పురుషుడి చేతికి సక్రమంగా అందాలి. రైల్వే స్టేషన్‌లో తండ్రి చెయ్యి వదిలిన క్షణమే ఆ చిత్రానికి పరాకాష్ఠ. రైలు కదలగానే కథ ఆగిపోతుంది. లండన్‌లో ఆ ఇద్దరూ ఎలా బతికారన్నది చిత్రానికి అవసరం లేకపోయింది.

సుభాష్ ఘాయ్ 'పర్‌దేస్' (1997) స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరంలో విడుదలయింది. అమెరికాలో పెరిగిన రాజీవ్ ఇక్కడ దుర్మార్గుడు. అతనికి పోటీగా నిలిచిన అర్జున్ కూడా ప్రవాసంలోనే ఉన్నా, మూలాలు మరువనివాడు. అంటే రెండేళ్ళలోనే పాత సూత్రం తిరిగి వచ్చింది. అయితే రెండు చిత్రాల్లోనూ మారనిది ఒకటుంది: తీర్పు చెప్పే పెద్ద. బల్‌దేవ్ సింగ్‌గానూ, 'పర్‌దేస్'లో కిశోరీలాల్‌గానూ నటించినది అమ్రీశ్ పురీయే. కొడుకును అలా పెంచిన కిశోరీలాల్ నిందపడకుండా బయటపడి, చివరికి న్యాయమూర్తి స్థానంలో నిలవడం ఆశ్చర్యకరం. యువకుడు మంచివాడైనా చెడ్డవాడైనా కావచ్చు గాని, పరీక్షాధికారి మాత్రం మారడు.

ఈ వారసత్వ దృష్టి సినిమాకు మాత్రమే పరిమితం కాదు. 2003 నుంచి ప్రవాసీ భారతీయ దివస్ జరుగుతోంది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన సమావేశంలో విదేశీ భారతీయ పౌరసత్వ పథకం ఆరంభమైంది. పేరులో పౌరసత్వం ఉన్నా అందులో ఓటు హక్కు లేదు. అర్హత ప్రధానంగా తల్లిదండ్రులు, పూర్వీకుల భారతీయత మీద ఆధారపడుతుంది. రాజ్యం కార్డు రూపంలో చేసిన పనిని సినిమా కథ రూపంలో అప్పటికి పదేళ్ళ ముందే చేసింది.

4. పరీక్షాఘట్టాలు

కరణ్ జోహర్ 'కుఛ్ కుఛ్ హోతా హై' (1998)లో ఇంగ్లండు నుంచి వచ్చిన టీనాను కళాశాలలో రాహుల్ ఆటపట్టిస్తాడు. హిందీ పాట పాడమంటాడు. ఆమె భగవంతుడి హారతి పాట అందుకుంటుంది. సవాలు విసిరినవాడు తల దించుకుంటాడు. 'కభీ ఖుశీ కభీ గమ్' (2001)లో లండన్ పాఠశాల వేడుకలో చిన్న పిల్లవాడు ఆంగ్ల పాటకు బదులు భారత జాతీయగీతం పాడతాడు. ఆంగ్లేయ తల్లిదండ్రులు కూడా లేచి నిలబడతారు. అదే చిత్రంలో చాందినీ చౌక్‌లో పుట్టిన పూజ లండన్ చేరి 'పూ'గా మారడం హాస్యానికీ, ఆమె దుస్తులను రోహన్ సరిదిద్దడం సంస్కారానికీ పనికొచ్చాయి.

ఈ ఘట్టాలలో ఒక క్రమం ఉంది. ముందుగా అనుమానం, తరువాత ప్రదర్శన, చివరికి ఉత్తీర్ణత. పరీక్ష ఎప్పుడూ భక్తిలోనో దేశభక్తిలోనో ఉంటుంది. ఆ యువతకు తెలిసిన మరే విద్యకూ అందులో మార్కులు లేవు. లండన్ బడిలో చదివే పిల్లవాడికి తన తరగతి మిత్రులతో ఎలాంటి స్నేహం ఉందో ప్రేక్షకుడికి తెలియదు. వారు అతని వెనుక గొంతు కలిపే బృందంగానే మిగిలారు.

విపుల్ షా 'నమస్తే లండన్' (2007) ఈ వరుసలో కాస్త ఆగి చూడవలసిన చిత్రం. లండన్‌లో పెరిగిన జస్మీత్‌ను తండ్రి పంజాబ్ తీసుకువెళ్ళి అర్జున్‌తో పెళ్ళి చేస్తాడు. ఆమె తిరిగి వచ్చి ఆంగ్లేయుడైన చార్లీని పెళ్ళాడడానికి సిద్ధమవుతుంది. ఒక విందులో భారతదేశాన్ని చులకన చేసిన ఆంగ్లేయుడికి అర్జున్ హిందీలో జవాబు చెబుతుంటే, జస్మీత్ దాన్ని ఆంగ్లంలోకి అనువదిస్తుంది. ఈ ఒక్క ఘట్టంలో రెండవ తరం యువతి నిజంగా చేసే పని ఒకటి తెరకెక్కింది. రెండు భాషల మధ్య నిలబడి, ఇంటివారి మాటను బయటివారికి చేరవేయడం వలస కుటుంబాల్లో పిల్లలకు చిన్ననాటి నుంచే అలవాటైన బాధ్యత. ఆస్పత్రిలో, బ్యాంకులో, బడిలో తల్లిదండ్రుల తరఫున మాట్లాడేది వారే. దర్శకుడు ఈ బాధ్యతను గుర్తించే అవకాశం చేతికి అందినా వదులుకున్నాడు. అనువదిస్తున్న కొద్దీ జస్మీత్ ముఖంలో గర్వం కనిపిస్తుంది; ఆమె సొంత మాట మాత్రం వినిపించదు. పైగా చివర్లో మోటారు సైకిల్ మీద అర్జున్ చక్కని ఆంగ్లంలో మాట్లాడతాడు. అతనికి మొదటినుంచీ అనువాదకురాలి అవసరమే లేదు. ఆమెకున్న ఒకే నైపుణ్యం అనవసరమని తేల్చిన ఈ చమత్కారం, పెళ్ళి కథ మొత్తం కన్నా కఠినమైనది.

5. వినిపించని భాషలు

భాష దగ్గర ఈ చిత్రాల బలహీనత పూర్తిగా బయటపడుతుంది. సౌత్‌హాల్‌లో పంజాబీ, లెస్టర్‌లో గుజరాతీ వీధుల్లో వినిపించే భాషలు. జనరంజక చిత్రాల్లో ఆ ఇళ్ళన్నీ హిందీలో మాట్లాడతాయి. పంజాబీ కొన్ని సంబోధనలకు, పెళ్ళి పాటలకు పరిమితం. 'కల్ హో నా హో' (2003)లో న్యూయార్క్ గుజరాతీ కుటుంబం వచ్చేసరికి ఆ గుజరాతీతనం నవ్వులకు పనికొచ్చింది. తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడే ప్రవాస కుటుంబాలకు ఆ పాటి చోటు కూడా అరుదు. హిందీ చిత్రాలు హిందీలో ఉండక మరేమి చేస్తాయన్న వాదన ఉంది. సంభాషణల వరకు అది ఒప్పుకోదగినదే. అయితే హిందీ రావడమే భారతీయతకు నిదర్శనమని టీనా ఘట్టంలా కథలోనే పరీక్ష పెట్టినప్పుడు, అది సంభాషణల సౌకర్యం దాటి ఒక సిద్ధాంతమవుతుంది.

ఆ సిద్ధాంతం ప్రకారం భాష రక్తంతో పాటు వస్తుంది. ఇరవై ఏళ్ళు లండన్‌లో పెరిగిన సిమ్రన్ డైరీ భాషలో తడబాటు లేదు. రాజ్ హాస్యంలో యాస లేదు. ప్రవాస తెలుగు కుటుంబాలను ఎరిగినవారికి ఇది నమ్మశక్యం కాని సంగతి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో తల్లి "అన్నం తిన్నావా?" అని తెలుగులో అడిగితే పిల్లవాడు ఆంగ్లంలో జవాబిస్తాడు. ప్రశ్న ఒక భాషలో, జవాబు మరొక భాషలో సాగే సంభాషణ ఆ ఇళ్ళలో నిత్యకృత్యం. అర్థమవుతుంది గాని నోట రాదు. ఫోన్‌లో అమ్మమ్మతో రెండు మాటలకు మించి సాగదు. సిలికానాంధ్ర మనబడి వంటి తరగతులు నడుస్తున్నాయంటేనే భాష రక్తంతో రాదని, వారం వారం కూర్చుని నేర్చుకోవాలని అర్థం. ఆ తరగతికి వెళ్ళనని పేచీపెట్టే పిల్లవాడు, ఇరవై ఏళ్ళ వయసులో తనంతట తాను ఓనమాలు దిద్దుకునే యువతి, తెలుగు చదవలేక పాటను మాత్రం నోటికి నేర్చిన గాయని కథకు కావలసినంత సరుకున్న పాత్రలు. వీటిలో ఏ ఒక్కటీ 1995 నాటి చట్రంలో ఇమడదు. భాష రాకపోవడం అక్కడ లోటు కాదు, నేరం. నేరస్థుడికి అంతరంగం ఇవ్వడానికి ఆ చట్రంలో చోటు లేదు.

తెలుగు జనరంజక సినిమా ఈ విషయంలో హిందీకి పాఠం చెప్పే స్థితిలో ఉందని అనలేం. జంధ్యాల 'పడమటి సంధ్యారాగం' (1987) చాలా భాగం అమెరికాలోనే చిత్రీకరణ జరుపుకుంది. తెలుగమ్మాయికీ అమెరికన్ యువకుడికీ మధ్య ప్రేమను, 'నమస్తే లండన్'కు ఇరవై ఏళ్ళ ముందే, కథావస్తువుగా స్వీకరించింది. ఆ సాహసం ఆ తరువాత పెద్దగా కొనసాగలేదు. శేఖర్ కమ్ముల 'ఫిదా' (2017)లో భానుమతి తెలంగాణ మాటకు దక్కిన గౌరవం చిత్రానికే వెలుగు తెచ్చింది. అమెరికాలో ఉండే వరుణ్ మాటకు మాత్రం ఆ దేశపు జాడ అంటలేదు. ప్రాంతాల మధ్య తేడాను అంత శ్రద్ధగా విన్న చెవి, ప్రవాసపు తేడాను వినలేదు.

6. కనిపించని వీధి

బల్‌దేవ్ సింగ్ తాను లండన్ వచ్చి ఇరవైరెండేళ్ళయిందని చెప్పుకుంటాడు. చిత్రం విడుదలైన 1995 నుంచి వెనక్కి లెక్కిస్తే అది 1973. ట్రఫాల్గర్ కూడలిలో పావురాలకు గింజలు వేస్తూ అతడు తలచుకునేది పంజాబ్ పొలాలనే. ఆ ఇరవైరెండేళ్ళలో లండన్‌లో ఏమి జరిగింది? 1976 జూన్‌లో సౌత్‌హాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు హత్యకు గురయ్యాడు. ఆ ఆగ్రహంలోంచి సౌత్‌హాల్ యువజనోద్యమం పుట్టింది. అదే ఏడాది గ్రన్‌విక్ కర్మాగారంలో జయాబెన్ దేశాయ్ నాయకత్వంలో మొదలైన సమ్మె 1978 వరకు సాగింది. 1979 ఏప్రిల్‌లో జాత్యహంకార నేషనల్ ఫ్రంట్ సభకు వ్యతిరేకంగా సౌత్‌హాల్‌లో జరిగిన నిరసనలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు మరణించాడు. 1990లో నార్మన్ టెబిట్ అనే రాజకీయ నాయకుడు, వలసవచ్చినవారు క్రికెట్‌లో ఏ జట్టును సమర్థిస్తారన్నదాన్ని విధేయతకు పరీక్షగా చూపి వివాదం రేపాడు.

ఇవన్నీ సిమ్రన్ బాల్యం, యవ్వనం నడిచిన రోజులు. ఆమె దేశంలో యువత తాము ఎక్కడికీ పోమని, తమ ఊరు ఇదేనని వీధికెక్కిన కాలమది. ఆ కాలం నుంచి వచ్చిన ఒక్క మాట, ఒక్క గాయం కూడా ఆ ఇంటి తలుపు దాటి లోపలికి రాలేదు. అటువైపు టెబిట్, ఇటువైపు బల్‌దేవ్ సింగ్ అడిగినది ఒకే ప్రశ్న అని గమనించడం కష్టం కాదు. ఇద్దరికీ కావలసినది విధేయతే.

నిఖిల్ అద్వానీ 'పటియాలా హౌస్' (2011) ఈ మౌనాన్ని కొంతవరకు భగ్నం చేసింది. సౌత్‌హాల్‌లో ఒకనాటి జాత్యహంకార దాడుల జ్ఞాపకంతో తండ్రి గుర్తేజ్ సింగ్ తన కొడుకు ఇంగ్లండు జట్టుకు ఆడకూడదని శాసిస్తాడు. వేగంగా బంతి వేయగల గట్టూ దుకాణం నడుపుతూ వయసు మీరబెట్టుకుంటాడు. నివాసి ప్రశ్న తెర మీదికి ఇంత సూటిగా రావడం అరుదు. పుట్టిన దేశం తరఫున ఆడడం ద్రోహమా? తండ్రి గాయం కల్పితం కాదు. కొడుకు కోరిక తప్పు కాదు. రెండూ సమాన బలం ఉన్న వాదనలు. ప్రథమార్ధంలో దర్శకుడు ఆ బరువును మోశాడు. గట్టూతో పాటు ఆ ఇంటి యువతంతా తమ ఇష్టాలను పెట్టెలో దాచుకుని బతకడం వాస్తవానికి దగ్గరగా ఉంది. తరువాత పెద్దాయనకు తెలియకుండా మ్యాచ్‌లు దాచే హాస్యంలో ఆ బరువు తగ్గిపోయింది. చివరికి అంతా తండ్రి మనసు కరగడం మీదికే వచ్చి చేరింది. ఇంగ్లండు పౌరుడు ఇంగ్లండుకు ఆడడానికి సైతం స్టేషన్‌లో వదిలిన చెయ్యి లాంటిదే మరొకటి కావలసి వచ్చింది.

'మై నేమ్ ఈజ్ ఖాన్' (2010) తండ్రి తీర్పు దాటి బయటకు చూసిన చిత్రం. సమీర్‌కు తల్లి పునర్వివాహంతో ఖాన్ అన్న ఇంటిపేరు వస్తుంది. 2001 సెప్టెంబర్ దాడుల తరువాత పొరుగింటి ప్రాణస్నేహితుడు రీస్ దూరమవుతాడు. బడి మైదానంలో జరిగిన దాడిలో సమీర్ చనిపోతాడు. ఇక్కడ పరీక్ష పెట్టినది భారతదేశం కాదు, అతడు పెరిగిన ఊరే. ఇద్దరు పిల్లల స్నేహం చెడిన తీరును చూపిన ఆ కొద్ది నిమిషాల్లో బ్రా చెప్పిన డయాస్పోరా స్థలం తెర మీద నిజంగా ఉంది. అయితే ఆ బాలుడు మరణించాకే చిత్రం పెద్ద కథగా ఎదుగుతుంది. మిగిలిన కథ పెద్దల దుఃఖానిదీ, రిజ్వాన్ ప్రయాణానిదీ.

7. పరీక్ష మారిన ఇల్లు

2012లో రెండు భిన్నమైన చిత్రాలు వచ్చాయి. 'కాక్‌టెయిల్'లో లండన్ యువతి వెరోనికా ప్రేమ దక్కించుకోవడానికి భారతదేశం నుంచి వచ్చిన మీరాలా మారాలని ప్రయత్నించి విఫలమవుతుంది. ప్రీతి నుంచి నలభైరెండేళ్ళు గడిచినా పాఠ్యప్రణాళిక మారలేదు. గౌరీ శిందే 'ఇంగ్లిష్ వింగ్లిష్' మాత్రం పరీక్షనే తిప్పి పెట్టింది. పుణె నుంచి మేనకోడలి పెళ్ళికి న్యూయార్క్ వెళ్ళిన శశికి ఆంగ్లం రాదు. ఇక్కడ భాష రాని మనిషి భారతదేశం నుంచి వచ్చినామె. అమెరికాలో పెరిగిన చిన్న మేనకోడలు రాధ ఆమె రహస్య తరగతులను కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా అండగా నిలుస్తుంది. పెద్ద మేనకోడలు మీరా అమెరికన్ అయిన కెవిన్‌ను పెళ్ళాడుతుంది. 'నమస్తే లండన్'లో ప్రళయమైన సంగతి ఇక్కడ లడ్డూలు చుట్టే పనిగా మాత్రమే ఉంది. ఎవరి భారతీయతా విచారణకు రాలేదు.

ఈ చిత్రంలోనూ మేనకోడళ్ళు తడబడని హిందీ మాట్లాడతారు. అయినా రాధ పాత్రలో ఒక కొత్తదనం ఉంది. ఆమె ఎవరికీ ఏమీ నిరూపించదు. పిన్నమ్మకు భాషతో ఉన్న ఇబ్బందిని వెక్కిరించకుండా అర్థం చేసుకోగలగడం, రెండు భాషల ఇంట్లో పెరిగిన పిల్లకు సహజంగా అబ్బిన గుణంగా కనిపిస్తుంది. పెళ్ళి విందులో శశి ఆంగ్లంలో మాట్లాడినప్పుడు ఆ మాటలను ఎవరూ అనువదించనక్కరలేదు. తిరుగు విమానంలో ఆమె హిందీ పత్రిక ఉందా అని ఆంగ్లంలో అడుగుతుంది. ప్రేక్షకుడు ఆమెతో పాటు విమానమెక్కి వచ్చేస్తాడు. రాధ న్యూయార్క్‌లో ఉండిపోయింది. ఆమె ఏ పత్రిక చదువుతుందో, కోపం వస్తే తల్లితో ఏ భాషలో పోట్లాడుతుందో చూపే చిత్రం వేరే రావలసి ఉంది.